ఎడమ కణత వెనుక

పోపు మళ్ళీ మాడింది. ఆవాలు చిటపటలాడాయి, మినప్పప్పు ఎర్రబడింది, ఎండుమిరపకాయ నల్లబడి పొగ దూలాల దాకా లేచింది. అయినా గరిటె పట్టుకున్న చెయ్యి కదలలేదు. వంటింటి గడపలో నిలబడి అత్తగారు అలివేలమ్మ కోడలిని పేరు పెట్టి పదేపదే పిలిచింది. కన్యక వినలేదు. ఆ సమయంలో ఆమె అక్కడ లేదు.

"చూడు, మళ్ళా నిలబడిపోయింది! ఒళ్ళు ఈడ, మనసు యాడో. ఇంగువ మండీ వాళ్ళింట్లో మాడిన పోపంటే నలుగురు నవ్వరామ్మే?"

ఆమె ఎక్కడికి పోయేదో చెప్పడం కష్టం. ముందుగా ఒక వాసన వచ్చేది. ఆ ఇంట్లో వాసన అంటే ఇంగువే. కింద అంగడి, వెనుక గోదాము, పైన కాపురం. చీరల మడతల్లోనూ దిండు గలీబుల్లోనూ, ఆఖరికి తలలో ముడుచుకున్న మల్లెల్లోనూ ఇంగువే. ఆ ఇంగువను చీల్చుకొని, అప్పుడే తుడిచిన పలక మీది తడి వంటి చల్లని వాసన ఒకటి ముక్కుకు సోకేది. ఆ వెంటనే పొయ్యీ గోడా అత్తగారి గొంతూ అన్నీ ఎప్పుడో ఒకసారి జరిగిపోయి, ఇప్పుడు మళ్ళీ తీరికగా జరుగుతున్నట్లు తోచేవి. శబ్దాలు నీటి అడుగుకు దిగిపోయేవి. ఎదుట ఒక పొడుగాటి వసారా, అందులో ఒక మధ్యాహ్నం. ఆ మధ్యాహ్నానికి తుది లేదు. అక్కడ ఆమెను ఎవరూ పిలవరు. ఎవరి ముందూ విస్తరి వేయనక్కరలేదు. అరనిమిషమో, అంతకంటె తక్కువో గడిచేది. తరువాత నోట్లో చేదు, చేతిలో గరిటె, ఎదురుగా మాడిన పోపు.

ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. కాపురానికి వచ్చినది మొదలు ఆమెదని చెప్పుకున్న ప్రతిదీ ఎవరిదో ఒకరిది అయిపోయింది. పుట్టింటివాళ్ళు పెట్టిన ఇత్తడి బిందె మొదలు, మధ్యాహ్నం కాస్త నడుము వాల్చే గంట దాకా. ఈ అరనిమిషం మాత్రం ఎవరి కంటికీ కనబడదు గనుక ఆమెకే మిగిలింది. భర్త కోదండరాం దానిని నాటకమన్నాడు. "పనికి ఒళ్ళు వంగకపోతే ఇట్లాంటివన్నీ వస్తాయి. ఆపైన, పిల్లాజెల్లా లేనిదానికి వేరే యావ ఏముంటుంది?" అన్నాడు, అన్నం కలుపుకొంటూ, ఆమె వైపు చూడకుండానే. ఆడబిడ్డ హైమ ఒక్కతే నవ్వేది. "వదినా, లోపల సినిమా చూస్తా ఉండావా? ఒక టిక్కెట్టు నాకూ ఇప్పించు" అని భుజం తట్టేది. ఆ నవ్వులో విషం లేదు.

ఆ తరువాత ఒకనాడు వంటింట్లోనే కన్యక నేలకు ఒరిగిపోయింది. కుడి చెయ్యి మెలితిరిగింది, నాలుక తెగి నోట నురగ కట్టింది. మూర్ఛ వచ్చినవాళ్ళ చేతిలో ఇనుము పెట్టాలని ఎవరో అరిచారు. అలివేలమ్మ తన బొడ్డులో దోపుకున్న తాళంగుత్తిని లాగి కోడలి పిడికిట్లో కుక్కింది. అంతకాలపు కాపురంలో ఆ ఇంటి తాళాలు కన్యక చేతికి వచ్చింది ఆ ఒక్క రోజే. తెలివి రాగానే తిరిగి తీసుకున్నారు.

మెదడును పొరలు పొరలుగా ఫోటో తీసే యంత్రం ఆ రోజుల్లో మద్రాసుకు కొత్త. అందులో ఆమె తలను ఉంచి తీశారు. పెద్ద ఆసుపత్రిలో శస్త్రవైద్యుడు బాలసుందరం ఆ ఫిలింను వెలుగుపెట్టెకు తగిలించి చాలాసేపు చూశాడు. పురసవాక్కంలో పుట్టి పెరిగిన తెలుగు కుటుంబంవాడే, కనుక తమ ఇంటి మాటలోనే చెప్పాడు.

"ఇదో, ఎడమ కణత వెనకాల. ఉంగరం మాదిరి ఉండాదే, అదీ. చుట్టూతా వాపు. ఈ వాసనలు, మైమరుపులు అన్నీ అది చేసే పనే."

కన్యక ఆ ఫిలింను చూసింది. తన వసారా, తన మధ్యాహ్నం, అన్నీ ఆ తెల్లని ఉంగరమేనా? ఎవరికీ చెప్పకుండా దాచుకున్న ఒక్క సొత్తూ ఒక పుండు పెట్టిన భిక్షేనా? అప్పుడు కలిగినది భయం కాదు, దుఃఖమని ఆమెకు తరువాత తెలిసింది.

"దీంట్లో చిక్కేమంటే," అన్నాడు డాక్టరు కోదండరాం ముఖంలోకి చూస్తూ, "కంతి అయినా, క్షయ పుండు గడ్డకట్టినా, ఈ బొమ్మలో ఒకటే మాదిరి కనబడతాది. రెండింటికీ చూపులో తేడా లేదు. రొమ్ము ఎక్స్‌రేలో ఏమీ లేదు, కానీ దాన్ని నమ్మేదానికి లేదు. చేతికి సూది వేసి చూసే పరీక్ష ఈ ఊర్లో సగం మందికి పొంగుతాది. అందుకే అడుగుతా ఉండా. మీ ఇంట్లో ఎవురికైనా క్షయ ఉండిందా? దగ్గు, రక్తం పడటం, అట్లాంటివి? ఉంటే ముందు మందులిచ్చి మూడు నెలలు చూస్తాను. లేదంటే తెరవక తప్పదు. కంతి అయితే మనం ఊరికే కూర్చున్నా అది కూర్చోదు."

"ఛ ఛ! మా వంశంలోనే లేదు సార్" అన్నాడు కోదండరాం. అంగట్లో సరుకు నాణ్యం గురించి అడిగినప్పుడు చెప్పేంత వేగంగా చెప్పాడు. "మా నాయన పోయింది ఉబ్బసంతో."

కన్యక పెదవి విప్పలేదు. ఎందుకు విప్పలేదని అడగడం సులభం. నోరు మూసుకొనడం కూడా ఒక పనే. అంట్లు తోమినట్లు, ముగ్గు వేసినట్లు రోజూ చేయగా చేయగా అలవాటైపోతుంది.

మామగారు వెంకటాచలం చెట్టికి వచ్చినది ఉబ్బసం కాదు. క్షయ అని తెలిసిన రోజు హైమను బయటికి పంపి పెద్దవాళ్ళంతా తలుపులు వేసుకొని మాట్లాడుకున్నారు. క్షయ ఉన్న ఇంటి పిల్లను ఎవరు చేసుకుంటారు? ఆ ఇంటి ఇంగువను ఎవరు వంటల్లో వేసుకుంటారు? అందువల్ల ఉబ్బసమనే పేరు ఖాయమైంది. దగ్గు వీధికి వినబడకుండా ఆయన గది కిటికీలకు మేకులు కొట్టి గోనెసంచులు వేలాడగట్టారు. ఆ గదిలో ఆయన మంచం పక్కన చాప వేసుకొని పడుకోవలసిన మనిషి ఎవరన్నప్పుడు అలివేలమ్మ ఆలోచించనైనా ఆలోచించలేదు. "నీ చంకలో బిడ్డ లేదు గదమ్మా. నీకు తీరిక" అంది. కొడుకు గడప అవతల నిలబడి, "ఎట్లుండావు నాయనా?" అని అడిగి అంగట్లోకి దిగిపోయేవాడు. హైమను ఆ వసారాలోకే రానిచ్చేవారు కాదు. ఊసుడుగిన్నె కడిగింది కన్యక. వాంతి ఎత్తింది కన్యక. తమను ఎవరూ ఎరగని మందుల అంగడి కావాలని బస్సెక్కి మైలాపూరు దాకా పోయి, పొరుగింటి ముసలాయనకని అబద్ధమాడి మాత్రలు తెచ్చింది కన్యక. ఒకసారి ఆ అంగడివాడు, "పాపం, మీ పొరుగువాళ్ళకు ఆడపిల్లలు లేరామ్మా?" అని అడిగాడు. ఉన్నారని చెప్పింది.

ముసలాయన మంచివాడే. చివరిరోజుల్లో ఆమె చెయ్యి పట్టుకొని, "నువ్వు నా కడుపున పుట్టాల్సిందమ్మా" అన్నాడు. కడుపున పుట్టిన పిల్లను దూరంగా ఉంచి కాపాడుకున్నారని, పుట్టలేదు గనుకనే తనను ఆ గదిలో పడుకోబెట్టారని ఆయనకు తోచలేదు. ఆయన పోయిన పదకొండోనాడు అలివేలమ్మ కోడలిని పూజగదిలోకి పిలిచి, "నీ పసుపుతాడు పట్టుకొని చెప్పు. ఈ మాట నీ నోట బయటికి రాదని చెప్పు" అంది. కన్యక పట్టుకుంది, చెప్పింది.

ఇప్పుడు హైమకు పురసవాక్కంలో బట్టల వ్యాపారం చేసే ఇంటి సంబంధం కుదిరింది. తాంబూలాలు పుచ్చుకున్నారు.

వెలుగుపెట్టె ఆర్పివేశారు. కోదండరాం కాగితాల మీద సంతకం చేశాడు. "మాట పుట్టే చోటు ఆ పక్కనే ఉండాది. ఆపరేషన్ తరువాత మాట పోవచ్చు. కొందరికి కొంత తిరిగి వస్తాది, కొందరికి రాదు. ముందే చెప్పాల గదా" అన్నాడు డాక్టరు. కోదండరాం కొంచెంసేపు ఆలోచించాడు. ఆ క్షణంలో కన్యక భర్త ముఖం వంక ఆశతో చూసిందంటే ఆమెను తప్పుపట్టకూడదు. మనిషి ఆశపడకుండా కాపురం చేయలేదు.

"కాళ్ళూ చేతులూ బాగుంటాయి గదా సార్?" అన్నాడు కోదండరాం.

మరునాడు సాయంత్రం అలివేలమ్మ కాఫీ ఫ్లాస్కుతో వార్డుకు వచ్చింది. మంచం మీద కూర్చొని కోడలి పాదాలు నిమిరింది. ఏనాడూ లేని నిమరడం.

"భయపడబాక. పెద్ద డాక్టరు. రాసి ఉన్నట్లు జరుగుతాది."

"మాట పోతుందంట అత్తా."

"పోతే పోనీవే. మనిషి దక్కితే చాలదా? అయినా నువ్వు ఊరంతా ఉపన్యాసాలు ఇచ్చొచ్చినావా ఏమన్నా!" అని తానే నవ్వి, గొంతు తగ్గించింది. "మత్తులో ఏమన్నా వాగుతావేమో. దేవుణ్ణి తలుచుకుంటా ఉండు. పిల్ల పెళ్ళి అయ్యేదాకా, అంతే. ఆ పిల్ల ముఖం చూడు."

అంతా విన్న కన్యకకు ఎందుకో నవ్వు వచ్చింది. తన మాట పోతుందని ఈ ఇంట్లో ఎవరికీ బెంగలేదు. పోకముందు ఏమంటుందోనని మాత్రమే బెంగ.

శస్త్రచికిత్సకు ముందురోజు మధ్యాహ్నం ఆరోగ్యమేరి వచ్చింది. ఆ వార్డులో చాలాకాలంగా పనిచేస్తున్న నర్సు. ఒక గిన్నెలో నీళ్ళు, సబ్బు, మంగలికత్తి. మంచం చుట్టూ తెర లాగి, కన్యక జడ విప్పి కత్తెరతో కోసి, గుడ్డలో చుట్టింది.

"ఏడవబాక తల్లీ. జుట్టే గదా, మళ్ళా వస్తాది. నా కూతురు వేళాంకణ్ణి మాతకు గుండిచ్చి వచ్చిందా, ఏడాది తిరక్కుండానే పాపిట తీసి దువ్వుకుంటా ఉండాది. ముందుకన్నా ఒత్తుగా!"

కత్తి చల్లగా చెవి వెనుక నుంచి పైకి సాగింది. పాయలు పాయలుగా వెంట్రుకలు ఒళ్ళో పడుతున్నాయి. వార్డు పంకా గిరగిరలాడుతోంది. తెరలోనుంచి దిగుతున్న వెలుగు పల్చని మజ్జిగలా ఉంది. ఆ వెలుగులో ఆ వాసన వచ్చింది. తడి పలక. కత్తి చప్పుడు నీటి అడుగుకు పోయింది. వసారా తెరుచుకుంది. అయితే ఈసారి ఆ మధ్యాహ్నం ఆమెను ఊరకే ఉండనీయలేదు. ఎవరూ పిలవని చోటు అది, నిజమే. పిలవనివాళ్ళకు పలకనక్కరలేదని ఇన్నాళ్ళూ అదే సుఖమనుకుంది. రేపటి తరువాత పిలిచినా పలకలేని మనిషి అవుతుంది. అప్పుడు వాళ్ళు ఏది చెబితే అదే ఆమె మాట. ఆమెకు ఆకలి ఉందో లేదో, నొప్పి ఎక్కడో, మామగారు ఏ జబ్బుతో పోయారో, అన్నీ కోదండరామే చెబుతాడు. వేగంగా చెబుతాడు. కాళ్ళూ చేతులూ బాగుంటాయి.

వసారా మసకబారింది. నోట్లో చేదు.

"జుట్టు మళ్ళీ వస్తుందన్నావు గదా" అంది కన్యక. "మాట వస్తుందా సిస్టర్?"

ఆరోగ్యమేరి చెయ్యి ఆగింది. "అది నేను చెప్పకూడదమ్మా. డాక్టరును అడగాల."

"అయితే ఆపు. ఆయనను పిలు."

"సగంలో ఆపితే ఎట్లా? చూసేదానికి..."

"చూసేవాళ్ళు చూస్తారు. ఆయన అడిగిన ప్రశ్నకు మా ఇంటాయన చెప్పిన జవాబు అబద్ధం. అది చెప్పి పిలుచుకొని రా."

బాలసుందరం వచ్చేసరికి ఆమె మంచం మీద నిటారుగా కూర్చొని ఉంది. ఎడమ సగం నున్నగా, కుడి సగం కత్తిరించిన జుట్టుతో. తల మీద కొంగు కప్పుకొనబోయి, మానుకుంది. గోనెసంచులు కట్టిన కిటికీల మొదలు మైలాపూరు మాత్రల దాకా వరుసగా చెప్పింది. ఎన్నాళ్ళు ఆ గదిలో పడుకుంది, కఫంలో రక్తం ఎప్పటినుంచి పడింది, ఏ మందు ఎప్పుడు ఆపేశారు, అన్నీ చెప్పింది. ఎక్కడా మాట తడబడలేదు. తన మాటలు ఇంత సక్రమంగా ఒకదాని వెంట ఒకటి వస్తాయని ఆమె ఎరగదు.

డాక్టరు మంచం పక్కన ఉన్న ముక్కాలిపీట లాక్కొని కూర్చున్నాడు.

"ఇంత తెలిసి ఆ పొద్దే ఎందుకమ్మా చెప్పలేదు? నేను అడిగినాను గదా!"

"మీరు ఆయన ముఖం చూసి అడిగినారు" అంది కన్యక.

అతడు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. వాటి మీద తుడవవలసినది ఏమీ లేదు. తరువాత ఆమె ముఖం చూసి మాట్లాడాడు. ఇది క్షయ గడ్డేనని తాను ప్రమాణం చేయలేనన్నాడు. మందులు పనిచేస్తే కొన్ని వారాల్లో వాపు దిగాలి, తలనొప్పి తగ్గాలి. తగ్గకుండా చూపు మసకబారినా, చెయ్యి చచ్చుబడినా అప్పుడు తెరవవలసిందే. అప్పటికి ఆలస్యమైపోయి ఉండవచ్చు కూడా. "మీ ఇంటాయనతో మాట్లాడి..." అని మొదలుపెట్టి, తానే ఆగి, "నువ్వేమంటావు?" అన్నాడు.

"మందులే ఇవ్వండి. ఆలస్యమైతే అది నా తలే."

కోదండరాం ఆ సాయంత్రం వార్డు బయట నడవాలో ఆమెను నిలబెట్టాడు. అతనికి కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది. "నాతో ఒక మాట చెప్పకూడదా? డాక్టరు ముందర నా పరువు తీసేస్తివే! చెల్లెలి బతుకేం కావాల?"

"నా బతుకు గురించి ఎప్పుడైనా ఇట్లా అడిగినారా?" అంది కన్యక. అతను నిజంగానే గుర్తుచేసుకొనడానికి ప్రయత్నించాడు. అదే ఆమెకు అన్నిటికన్నా కష్టంగా తోచింది.

మందులు మొదలయ్యాయి. రోజూ తుంటికి సూది, చెవుల్లో హోరు. గుప్పెడు మాత్రలు, వాటితో మూత్రం కుంకుమ నీళ్ళలా ఎర్రగా. అలివేలమ్మ ఆమె కంచాన్నీ చెంబునూ వేరుపెట్టింది. ఇంట్లో అందరూ ఎక్స్‌రే తీయించుకోవాలని డాక్టరు చెప్పి పంపిన మాట విని, "మాకేం ఖర్మ!" అంది. కన్యక మిగిలిన సగం జుట్టూ తీయించేసుకొని, గుండుకు గుడ్డ చుట్టుకొని సూదికి తానే నడిచిపోయేది. వీధిలో జనం విధవేమోనని ముఖాన బొట్టు కోసం వెతికి, కనబడగానే తికమకపడేవారు. తలనొప్పి ముందు తగ్గింది. ఆ తరువాత వసారా కూడా తగ్గింది. వాసన పలుచబడుతూ వచ్చింది. ఒకనాడు పలక తడి మాత్రమే సోకి, వెనుక తలుపు తెరుచుకోకుండానే ఆరిపోయింది. ఆమె పొయ్యి ముందు గరిటెతో నిలబడి కొంతసేపు ఎదురుచూసింది. ఇక రాదని తెలిసిపోయింది. ఎవరో బాగా ఎరిగినవారు ఊరు విడిచి పోయినట్లు ఆ రోజంతా ఆమె మనసు మనసులో లేదు. దాని కోసం ఏడ్చిందనీ చెప్పాలి. రోగం నయమైందని ఏడ్చే ఆడది ఉంటుందా అంటే, ఆమె రోజులో ఆ రోగం తప్ప ఇంకేది ఆమెదో ముందు చూపించాలి.

మూడో నెల చివర తీసిన ఫోటోలో ఉంగరం లేదు. సున్నపు చుక్క వంటి మచ్చ ఒకటి మిగిలింది. "కంతి అయితే మాత్రలకు కరగదమ్మా" అన్నాడు బాలసుందరం ఆమెతో. తెరిచి ఉంటే ఏమయ్యేదో అతడూ చెప్పలేదు, ఆమె కూడా అడగలేదు.

సూదిమందు వేయించుకొనేచోట ఆమెను ఎవరో చూశారు. మాట పురసవాక్కం చేరింది. ఒక ఆదివారం పెళ్ళికొడుకు తల్లి రాజలక్ష్మి చెప్పకుండా వచ్చి ముందుగదిలో కూర్చుంది. ముక్కుసూటి మనిషి. కాఫీ ముట్టలేదు.

"డొంకతిరుగుడు మాటలు వద్దు వదినా. మా చెవిన ఏదో పడింది. మీ ఇంటాయనకు వచ్చింది ఏం జబ్బు?"

"ఉబ్బసం. ఆయన వంశంలో ఉండేదే" అంది అలివేలమ్మ. కోదండరాం తల ఊపాడు.

రాజలక్ష్మి ఆ ఇద్దరినీ వదిలి తలుపు దగ్గర నిలబడిన కన్యక వైపు తిరిగింది. గుండు మీద అంగుళం మొలిచిన జుట్టునే చూస్తూ, "నువ్వు చెప్పమ్మా. ఆయనకు చేసింది నువ్వేనంట గదా" అంది.

అలివేలమ్మ చెయ్యి తన మెడ దగ్గరికి పోయి, అక్కడ తాళి లేదని గుర్తొచ్చి కిందికి దిగింది. కోదండరాం కళ్ళతోనే బతిమాలాడు. జవాబు కన్యక నాలుక చివర ఉంది. చెప్పడం ఇప్పుడు ఆమెకు కష్టమూ కాదు. కానీ ఇన్నేళ్ళూ తన నోరు కట్టింది ఎవరి పేరు చెప్పి? ఆ పిల్ల కోసమని తనను ఆ గదిలో పడుకోబెట్టారు, ఆ పిల్ల కోసమని ఒట్టు వేయించారు, ఆ పిల్ల కోసమని తల కోయనివ్వబోయారు. ఇంతమందిలో ఒక్కరు, తనతో సహా, ఆ పిల్లను పిలిచి అడిగారా?

"హైమా," అని లోపలికి కేకవేసింది. "ఇట్లా రా. ఈ కుర్చీలో కూర్చో. మీ అత్తగారు నాయన జబ్బును గురించి అడుగుతా ఉండారు. నీ పెళ్ళి గురించి నువ్వే జవాబు చెప్పుకో."

కోదండరాం లేచి నిలబడ్డాడు. "అదేం చెబుతాది? దానికేం తెలుసు?"

"అంతా తెలుసు" అంది కన్యక. "పోయిన నెల హైమను ఎక్స్‌రేకు పిలుచుకొని పోయినప్పుడు నేనే చెప్పినాను."